కింది అంతస్తు నవ్వు

అదిగో, మళ్ళీ వాడే, మా తమ్ముడు పిడుగు, అంతమంది ప్లీడర్లున్న క్యాంటీన్లో వాడి ఒక్కడి నవ్వే మూడో అంతస్తు దాకా ఎగబాకి నా కిటికీ తలుపు తడుతుంది, ఎవరి మీద వేశాడో జోకు, కొంపదీసి నా మీదేనేమో, వేస్తే వేయనీ, కనీసం అలాగైనా అక్క ఊసు ఎత్తినట్టవుతుంది కదా, డబ్బాలో అన్నం చల్లారిపోయింది, వంటమనిషి ఈమధ్య కూరలో ఉప్పు మరిచిపోతోంది, చెబుదామంటే నేను నోరు తెరవగానే ఉరిశిక్ష వేస్తానేమో అన్నట్టు చూస్తుంది, అందుకే మాట్లాడకుండా తినేస్తాను, రెండింటికి ఫోన్ చేస్తానన్నాడు పెద్దాయన, మా ప్రధాన న్యాయమూర్తి, నెలాఖరుకి మీరు దిగిపోతున్నారు కదమ్మా, అప్పీళ్ళ కమిషన్‌కి మీరే పెద్దగా ఉండండి, ఇంకో ఐదేళ్ళు, ఇదే భవనం, ఇదే గది, సరే అంటే చాలు అన్నాడు, ఊళ్ళోవాళ్ళ తగాదాలన్నీ ఒక్క మాటలో తేల్చేసేదాన్ని, నా సంగతి వచ్చేసరికి పొద్దుటినుంచీ నీళ్ళు నములుతున్నాను.

వద్దంటే మాత్రం ఏం చేస్తాను, ఇంట్లో ఎవరున్నారు, పోయిన మా ఆయన కుర్చీ, ఆయన కళ్ళజోడు పెట్టె, అంతే, పోనీ బయటికెళదామంటే నేను కాలు పెట్టిన చోటల్లా జనం లేచి నిలబడతారు, కోర్టులో లేస్తే అర్థం ఉంది, అది కుర్చీకిచ్చే మర్యాద, పళ్ళ డాక్టరు కూడా లేస్తాడు, పక్కింటి పెళ్ళికెళితే ఎంగిలి చేతులతో బంతి బంతీ లేచింది, నేను వెళ్ళిపోయేదాకా ఒక్కరికీ ముద్ద దిగలేదు, ఇక ఎక్కడికీ వెళ్ళడం మానేశాను, నా కోసం లేవనివాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉండేవాడు, నాన్న నల్లకోట్లు కుట్టే దుకాణంలో ఉన్నది ఒకే ఒక్క స్టూలు, దానికోసం నేనూ పిడుగూ కొట్టుకు చచ్చేవాళ్ళం, పెద్దదాన్ని, లేవరా అంటే పోవే, నేను లేవను, నువ్వేమన్నా జడ్జీవా అనేవాడు, అయ్యానురా వెధవా, తీరా అయ్యాక నువ్వూ లేస్తున్నావు.

నన్ను జడ్జీగా వేసిన ఆర్డరు వచ్చిన రోజు ఇల్లెగిరిపోయేలా నవ్వాడు, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, అక్కా, ఇకమీదట పై అంతస్తు కోర్టుల కేసులు నేను పట్టను, మీ ఇంటి గడపా తొక్కను, నేనొస్తే నా వెనక క్లయింట్లొస్తారు, నువ్వెంత న్యాయంగా చెప్పినా తమ్ముడు చెప్పించాడంటారు, లోకం నోటికి మూతపెట్టగలమా అన్నాడు, సరేరా అన్నాను, సబబైన మాటే, ఇప్పటికీ సబబే, కాకపోతే ఇంతకాలం పడుతుందని ఇద్దరం అనుకోలేదు, నాకంటే బాగా వాదించేవాడు వాడు, కింది కోర్టులో కూర్చుని అద్దె తగాదాలూ ప్రహరీగోడ తగాదాలూ చూసుకుంటూ జుట్టు నెరిపించుకున్నాడు, మా ఆయన పోయినప్పుడు వచ్చాడు, ప్లీడర్ల వరసలో నిలబడి తన వంతు వచ్చాక చేతులు జోడించి ధైర్యంగా ఉండండి మేడమ్ అన్నాడు, మేడమ్, ఆ రాత్రి నేను ఏడ్చింది పోయిన మనిషి కోసమో ఆ మాట కోసమో నాకే తెలియదు, మళ్ళీ నవ్వుతున్నాడు, పాపిష్టివాడు, ఎంత బాగా నవ్వుతాడో.

ఏమైతే అయింది, గౌను విప్పి కుర్చీమీద పడేశాను, బంట్రోతు ముందు నడవబోతే వద్దులే నువ్వుండు అన్నాను, మూడంతస్తులూ దిగాను, మెట్ల మీద జనం గోడకి అతుక్కుపోయారు, క్యాంటీన్ గుమ్మంలో నేను కనబడ్డానో లేదో నవ్వు కోసేసినట్టు ఆగింది, బెంచీలు కిర్రుమన్నాయి, అందరూ లేచారు, పిడుగు టీ గ్లాసు కింద పెట్టి బల్ల అంచు పట్టుకుని లేచాడు, మోకాళ్ళు పట్టేశాయి కాబోలు, అయ్యో, వీడికి మోకాళ్ళ నొప్పులెప్పుడొచ్చాయి, నాకెవరు చెబుతారు, కూర్చోండి అన్నాను, కోర్టులో బెంచి మీంచి చెప్పే గొంతే వచ్చింది, పాడుగొంతు, అందరూ కూర్చున్నారు, వాడు తప్ప, ఒరేయ్, కాస్త జరగరా అన్నాను, వాడు జరగలేదు, కుంటుకుంటూ దగ్గరకొచ్చి, మొహం మీద నవ్వు చెదరకుండా, నాకొక్కదానికే వినబడేట్టు, అక్కా, పైకెళ్ళిపో, అందరూ చూస్తున్నారు, ఇన్నేళ్ళు కాపాడుకున్న పేరు ఈ చివరి నెలలో పారేసుకుంటావా అన్నాడు, తర్వాత గట్టిగా, మీ కారు అటువైపుంది మేడమ్ అన్నాడు.

అక్కా అన్నాడు, ఇన్నేళ్ళకి అక్కా అన్నాడు, అన్నది కూడా వెళ్ళిపొమ్మనడానికే, మెట్లెక్కుతుంటే కళ్ళు మసకబారి రెండుసార్లు ఆగాను, గదిలో డబ్బా అలాగే ఉంది, కింది నుంచి చప్పుడు లేదు, నేను వెళ్ళి వాడి నవ్వు కూడా ఆపేసి వచ్చాను, బెంచి క్లర్కు తలుపు సందులోంచి పెద్దసారు లైన్లో ఉన్నారు మేడమ్ అంటున్నాడు, నా పేరు నేనే కాపాడుకున్నానని ఎంత మిడిసిపడ్డాను, సన్మానాల్లో ఎన్ని ఉపన్యాసాలిచ్చాను, కాపలా కాసింది వాడు, కింద గుమ్మం దగ్గర, జోకులేసుకుంటూ, మోకాళ్ళు అరిగేదాకా, ఇప్పుడు నేను ఊఁ అంటే చాలు, ఇంకో ఐదేళ్ళు అలాగే కాస్తాడు, కిక్కురుమనడు, ఫోన్ అందుకుని, క్షమించండి, ఆ కమిషన్ నా వల్ల కాదండీ అన్నాను, అదేమిటమ్మా, ఒంట్లో బాగాలేదా అంటున్నాడు ఆయన, బాగానే ఉందండీ, మా తమ్ముడు చాలాకాలంగా నిలబడే ఉన్నాడు, వాడిక కూర్చోవాలి.