రాయని దారి

జగన్నాథరావు మిరప చేను రెండెకరాలూ ఎర్రగా పండింది. కాయ బయటికి తెచ్చే దారే లేదు.

కీసర దాటాక రోడ్డు పక్కనున్న మూడెకరాలు పోయినేడు గోల్ఫ్ కంపెనీకి అమ్మాడు. వెనక రెండెకరాలూ, బోరూ ఉంచుకున్నాడు. దస్తావేజులో దారి రాయించుకోలేదు. వాళ్ల ఊళ్లో తాతల నాటి నుంచీ ఎవరి చేలోంచి బండి తోలాలన్నా గట్టు మీద నిలబడి "పోతున్నా బావా" అంటే చాలు. దానికి కాగితం అడగడం సిగ్గుచేటు. కంపెనీ వాణ్ణి కూడా బావే అనుకున్నాడు.

చుట్టుపక్కల వాళ్లూ అమ్మేశారు. ఇప్పుడు నాలుగు వైపులా ఇనుప కంచె. కందీ మిరపా పండిన నేలలో బంతి దొర్లడానికి గడ్డి వేశారు. ఏ గొడ్డూ నోరు పెట్టడానికి లేని గడ్డి.

గేటు కాపలా సొలొమోనుది. నిన్నమొన్నటిదాకా జగన్నాథరావు చేలో కాయ కోసినవాడే.

"సొలొమోనూ, ట్రాక్టర్ని ఒక్కసారి వదులు. కాయ రాలిపోతోంది."

"నెత్తిన మూటెట్టుకుని వందసార్లు తిరగండి బాబుగారూ, అడ్డంరాను. టైరు గడ్డి మీద పడితే నా ఉద్యోగం ఊడిద్ది."

"గడ్డేగదరా!"

"మా గేదె మీ గట్టు మీద మేసింది కూడా గడ్డేగదండీ. బందెలదొడ్డికి తోలిచ్చారు."

జగన్నాథరావు కూలీల కోసం ఊళ్లోకి వెళ్లాడు. అంత దూరం మూటలు మొయ్యడానికి కూలీలు రామన్నారు. ఆఖరికి మేనేజరు భార్గవ దగ్గరికే వెళ్లాడు.

"దారి రాసిస్తామండి," అన్నాడు భార్గవ. "మా బోర్లు ఎండిపోయినయ్. వేసవంతా మీ బోరు నీళ్లు గడ్డికివ్వండి."

"మరి నా చేనుకి? ఇంకా రెండు కోతలున్నయ్."

"మీ ఇష్టమండి."

నీళ్లిస్తే చేను ఎండుతుంది. ఇవ్వకపోతే పండిన కాయ చేలోనే పోతుంది. ఇంటికొచ్చి చెబితే భార్య భారతీదేవి చేట కింద పెట్టి చూసింది.

"దారి సంగతేంటని అమ్మేటప్పుడే అడిగా. నీకెందుకు పొమ్మన్నారు. ఇప్పుడూ నాకెందుకు?"

మర్నాడు పొద్దున్నే జగన్నాథరావు బోరు పైపు కంచె కిందుగా అవతలికి తిప్పాడు. స్టార్టరు నొక్కాడు. ఆ వారంలోనే ట్రాక్టరొచ్చింది, పండిన కాయ బయటపడింది. ఈసారి దారి రాయించుకున్నాడు, సంతకాలతో సహా.

నెల తిరక్కుండానే చేను నిలువునా మాడింది. పూత రాలింది, నేల నెర్రెలిచ్చింది. దారి మాత్రం దివ్యంగా ఉంది. కంకర కూడా పోశారు.

గడ్డికి మోటారు వెయ్యడానికి వస్తున్న జగన్నాథరావును చూసి సొలొమోను గేటు బార్లా తీశాడు.

"రండి బాబుగారూ. ట్రాక్టరేదీ?"