పట్టీ తీసేసిందన్న మాట

హిందీ మాట్లాడే ఉక్కు పట్టణం శివార్లలో, హథ్‌ఖోజ్‌లోని ఆ చిన్న కార్ఖానాలో విషవాయువును పసిగట్టి మోత చేసే డబ్బాలు తయారవుతాయి. కొలిమి ఉన్న వర్క్‌షాపుల్లో వాటిని గోడకు తగిలిస్తారు. అక్కడ టెస్టింగ్ ఇంజనీరు మధులత. ప్లాంటు క్వార్టర్లున్న సెక్టర్ 4లో పుట్టి పెరిగింది. తండ్రి ఆ ఉక్కు ప్లాంటులో చేసి రిటైరయ్యాడు.

చలికాలంలో స్వెట్టర్ విప్పి ఇనుప బీరువా ముట్టుకుంటే వేలికి చురుక్కుమంటుంది. మనిషికి అది చురుకే. డబ్బాలో ఉన్న చిప్పు మాత్రం దానికే మాడిపోవచ్చు. అందుకని కొత్త నమూనా వచ్చినప్పుడల్లా మధులత పిస్తోలులాంటి గన్‌తో దాని ఒంటి నిండా అలాంటి మెరుపులే కొట్టి చూడాలి. తట్టుకుంటేనే తయారీకి పంపాలి. లోపల బోర్డులు బిగించే ఆడవాళ్ళు కూడా ఒంట్లో చేరిన ఆ కరెంటు నేలలోకి పోయేలా చేతికి ఎర్తింగ్ పట్టీ కట్టుకునే పని చేస్తారు.

వాళ్ళలో వనజాక్షి పాతావిడ. క్యాంప్ 2 బస్తీలో ఉంటుంది. తన తల్లిదండ్రుల్లాగే ఆమెదీ విజయనగరం వైపే కావడంతో మధులత ఆమెను పిన్నీ అని పిలిచేది. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి తినేవారు. వనజాక్షి తెచ్చిన చింతకాయ పచ్చడిలో సగం మధులతకే పోయేది.

జనవరిలో డబ్బాలు వరసగా వెనక్కి రాసాగాయి. ఒక వర్క్‌షాపులో విషవాయువు చేరినా డబ్బా మోగలేదు. దాని దీపం ఆరిపోయిందని ఎవరో గమనించి అందరినీ బయటికి పంపారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. యజమాని శ్యామసుందర్ అందరినీ హాల్లో నిలబెట్టి, ఇదెలా జరిగిందని హిందీలో అరిచాడు.

మధులత డబ్బా విప్పింది. చిప్పు మాడి ఉంది. అందరి కళ్ళూ ఆమె మీదే ఉన్నాయి. ఏదో ఒకటి చెప్పాలి. ఎప్పుడో వనజాక్షి చేతికి పట్టీ లేకుండా కనబడడం గుర్తొచ్చింది.

"బిగించేటప్పుడే పాడైంది సర్. ఈవిడ పట్టీ తీసేస్తుంది," అంది హిందీలో, వేలెత్తి చూపిస్తూ. తనవాళ్ళని వెనకేసుకొచ్చిందని ఎవరూ అనకూడదని గొంతు ఇంకాస్త పెంచింది.

వనజాక్షి తెల్లబోయింది. "అదేటమ్మా మధూ? అన్నానికి లెగిసినప్పుడే గదా తీసినాను. నీ పక్కనే గదా కూకున్నాను!"

అది తెలుగు. ఆ హాల్లో ఇంకెవరికీ రాని భాష. మధులత తనకూ రానట్టే నిలబడి, విప్పిన డబ్బాలోని బోర్డు వైపు చూస్తూ ఉండిపోయింది. సాయంత్రానికి వనజాక్షిని పనిలోంచి తీసేశారు.

ఆ తరవాత కూడా డబ్బాలు వస్తూనే ఉన్నాయి. వాటిలో వనజాక్షి వెళ్ళిపోయాక వేరేవాళ్ళు బిగించినవీ ఉన్నాయి. మధులత తలుపు వేసుకుని గన్ తీసింది. పెట్టెకున్న స్క్రూల మీద కొట్టింది, డబ్బా తట్టుకుంది. స్విచ్చు పక్కనున్న సన్నటి సందు దగ్గర మొన పెట్టి కొట్టేసరికి లోపలికి నీలంగా గీత జారింది. దీపం ఆరిపోయింది. వనజాక్షి చేతి మీద తయారైన పాత నమూనా తెచ్చి అక్కడే కొట్టింది. దానికేం కాలేదు. పాత డబ్బా పైపెట్టెకు ఆ సందు లేదు.

చలి మొదలవకముందు కొత్త రకం పెట్టె వచ్చినప్పుడు తొందరలో స్క్రూల మీద మాత్రమే కొట్టి, బాగుందని పంపించింది తనే. గదిలో ఎవరూ లేకపోయినా తల ఎత్తలేకపోయింది.

ముందు శ్యామసుందర్‌కి చెప్పి, అమ్మిన డబ్బాలన్నీ వెనక్కి తెప్పించమంది. అతను చాలాసేపు తిట్టి, సరేనన్నాడు. చివరికి, "ఆ ఆడమనిషి సంగతి వదిలెయ్. అది అయిపోయింది," అన్నాడు.

మధులత వదల్లేక ఆదివారం క్యాంప్ 2కి వెళ్ళింది. వనజాక్షి వాకిట్లో బియ్యం చెరుగుతోంది. లోపలికి రమ్మనలేదు.

"తప్పు నాదే పిన్నీ. నేనే సరిగ్గా టెస్టు చెయ్యలేదు. నన్ను క్షమించు."

వనజాక్షి చేట ఆపింది. "ఇక్కడ నా సెవిలో సెప్తే ఏటి లాభం? ఆవేళ హిందీలో అన్నావు గదా, అందరికీ తెలిసేలాగ. నాను మాటాడితే నా బాస తెలీనట్టు నిలబడిపోయినావు. పట్టీ తీసేసినందుకు గెంటేసినారని ఈదంతా అంటన్నారు. నువ్వు సెప్పాలంటే అక్కడ సెప్పు. నానొచ్చి ఇంటాను."

సోమవారం పొద్దున్న పని మొదలవకముందే వనజాక్షి వచ్చి గుమ్మంలో నిలబడింది. మధులత హాలు మధ్యకు నడిచింది. వనజాక్షి దీదీ ఏ తప్పూ చేయలేదని, సరిగ్గా పరీక్షించకుండా వదిలేసింది తనేనని, తనను కాపాడుకోవడానికి ఆమె పేరు చెప్పానని, ఒక్కో మాటా కూడబలుక్కుని హిందీలో చెప్పింది. వెనక వరసలోంచి ఒకామె లేచి వెళ్ళి వనజాక్షి చెయ్యి పట్టుకుంది.

శ్యామసుందర్ మొహం చిట్లించి, "సరే, రేపట్నించి రా," అన్నాడు వనజాక్షితో.

"నహీ సాబ్," అంది వనజాక్షి. "పక్క గల్లీలో పని దొరికింది."

ఆమె ఎండలోకి దిగి వెళ్ళిపోతుంటే మధులత గేటు దాకా వెంట వెళ్ళింది.

"సెప్పినావు, బాగుంది," అంది వనజాక్షి, ఆగకుండానే. "ఇంక నన్ను పిన్నీ అనకు."

మధులత అక్కడే ఆగిపోయింది. లోపల అందరూ తననే చూస్తున్నారని తెలుసు. అయినా తిరిగి హాల్లోకి వెళ్ళి, స్విచ్చు పక్క సందు మూసిన కొత్త పెట్టెను బల్ల మీద పెట్టి, ఈసారి ఏ మూలా వదలకుండా కొట్టడం మొదలుపెట్టింది.