నిండితేనే కదిలే పడవ

మా లోయలో ఏరు మలుపు తిరిగిన ప్రతిచోటా నాలుగిళ్లు ఉంటాయి. మా మలుపులో ఈ ఒడ్డున తొమ్మిది, ఆ ఒడ్డున పదకొండు. వంతెన కావాలంటే ఇరవై కిలోమీటర్లు కిందికి పోవాలి. నా కుట్టుమిషను ఈ ఒడ్డున, కుట్టించుకునేవాళ్లలో సగం ఆ ఒడ్డున. మధ్యలో పిన్ని పడవ. వరసకు ఎవరికి ఏమవుతుందో గాని, రెండు ఒడ్లకూ ఆమె పిన్నే.

ఆ పడవను ఉంచాలా తీసెయ్యాలా తేల్చడానికి ఒక ఆఫీసరు బండి ఆ ఒడ్డున పెట్టి, ఇటు దాటి, రేవులో కుర్చీ వేసుకున్నాడు. రెండు రోజులు లెక్కపెడతాడట. లెక్క తగ్గితే పిన్నికి పని, మాకు పడవ రెండూ పోతాయి.

మొదటి రోజు సాయంత్రానికి అతని కాగితం మీద నాలుగే గీతలు. మేం మనుషుల్ని లెక్కపెడతాడనుకున్నాం. అతను పడవ దాటిన సార్లు లెక్కపెట్టాడు.

"రెండు రోజులకూ కలిపి ఇరవై కావాలండీ. ఇంతమంది ఉండి, గంటలకొద్దీ గట్టున కూర్చుంటారెందుకు?" అన్నాడు.

తప్పు మాదే. పిన్నికి కుడి భుజం నొప్పి. అందుకని పడవ నిండేదాకా కదలనివ్వం. ఆమె భుజం కాపాడబోయి ఆమె నోటికాడి కూడు పడగొట్టాం. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున్నే ఒక్కొక్కరమే ఎక్కాం. నర్సమ్మ దాటింది, తర్వాత పాలాయన, తర్వాత ఒకే ఒక్క చొక్కా పట్టుకుని నేను. ఆరోసారికి పిన్ని తెడ్డు వదిలేసింది.

"నన్ను చంపుతారా ఏమర్రా? నిన్నటిదాకా బాగానే ఉన్నారు కదా."

"నువ్వు కూర్చో పిన్నీ, నేను వేస్తా," అని నర్సమ్మ తెడ్డు లాక్కుంది. తర్వాత పాలాయన అందుకున్నాడు. నా వంతుకు పడవ గానుగెద్దులా గుండ్రంగా తిరిగింది. పిన్ని నవ్వలేక చచ్చింది. అయినా మధ్యలో కూర్చుని, సుడి ఎక్కడో, మేట ఎక్కడో చెబుతూ అందర్నీ ఒడ్డు చేర్చింది.

పొద్దు వాలేసరికి మరో పంతొమ్మిది గీతలు పడ్డాయి. ఆఫీసరు కలం ఆపి, "పడవ నడిపేవారు ఎవరని రాయను?" అన్నాడు.

ఇంతా చేసి ఆమె పనికి మేమే ఎసరు పెట్టామా?

"పిన్నేనండీ," అన్నాను.

"మరి మీరంతా?"

"మేం ఆవిడ చేతులం."

అతను పిన్ని పేరే రాశాడు. "పడవ ఉంటుందమ్మా," అన్నాడు. పిన్ని కొంగుతో కళ్లు తుడుచుకుని, అతన్ని ఆ ఒడ్డున దించిరావడానికి తెడ్డు అందుకుంది.

అతను ఖాళీ పడవను చూశాడు, ఆమె భుజాన్ని చూశాడు. వెళ్లి గట్టు మీద నా పక్కన కూర్చున్నాడు.

"ఇంకెవరన్నా వస్తారేమో చూద్దాం," అన్నాడు.