నాలిక పరీక్ష

"అమ్మా, నేనూ నాకి చూశా. ఉప్పగా లేదు" అంది మా పిడుగు.

అయిదేళ్ల నా కూతురిని ఇంట్లో అందరం పిడుగనే పిలుస్తాం. దాని పిడికిట్లో ఎర్ర స్ఫటికం ఉంది. ఆ ఉదయం పాత గని పక్కన మట్టిగుట్టలో నేను ఏరుకొచ్చిన ముక్క. భోజనం అయ్యాక అదేం రాయో తేల్చుకుందామని బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్లాను. వచ్చేసరికి ఇదీ సంగతి.

రాళ్లు ఏరేవాళ్లకి నాలికే మొదటి పనిముట్టు. దుమ్ము కొట్టుకున్న ముక్కని తడిపితేగానీ అసలు రంగు బయటపడదు. నీళ్ల సీసా సంచి అడుగునెక్కడో ఉంటుంది, నాలిక నోట్లోనే ఉంటుంది. ఈ విద్య నాకు మా మామయ్య నేర్పాడు. నా కూతురికి ఎవరూ నేర్పలేదు, నన్ను చూసి పట్టేసింది. వారమంతా కళ్లజోళ్ల దుకాణంలో కూర్చుని ఊళ్లోవాళ్ల చూపు సరిచేసే మనిషిని, నా వెనకాలే తిరిగే రెండు కళ్లని పట్టించుకోలేదు.

మా ఆయన పిల్లని ఎత్తుకుని పంపు దగ్గరికి పరుగెత్తాడు. నోరు కడిగిస్తూనే "ఏం రాయి అది?" అని అరిచాడు.

"తెలీదండీ."

"తెలీదా? ఇంట్లో నా చొక్కాలకి చోటు లేకుండా రాళ్లు నింపావు. ఇప్పుడు తెలీదంటావా?"

నిజంగానే తెలీదు. ఎర్రగా మెరిసే రాళ్లలో అమాయకమైనవి బోలెడున్నాయి. పాదరసం ఉన్నవి, సీసం ఉన్నవి, పాషాణం ఉన్నవి కూడా ఉన్నాయి. నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆ క్షణంలో నన్ను భయపెట్టడానికే పనికొచ్చాయి. రాయిని గాజుసీసాలో వేసి మూత బిగించాను. సీసాని సంచిలో వేసుకుని ఆసుపత్రికి బయల్దేరాం.

కారులో పిల్లని ఒళ్లో పెట్టుకుని "ఏం కాదులే, అమ్మ ఉందిగా" అని అంటూనే ఉన్నాను. నా నోరంతా ఇనపముక్క చప్పరించినట్టుంది, కడుపులో దేవుతోంది. భయానికి ఇలా కూడా అవుతుందా అనుకున్నాను. పిడుగు మాత్రం కిటికీలోంచి కుక్కల్ని చూస్తోంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ దాన్ని మంచం మీద కూర్చోబెట్టి నాడి చూసింది, కళ్లు చూసింది, రక్తం తీయించింది.

"ఇప్పటికి బాగానే ఉంది. రక్తపరీక్ష రావడానికి టైం పడుతుంది. ఏం రాయో చెప్పగలిగితే దేనికి సిద్ధంగా ఉండాలో నాకు తెలుస్తుంది" అంది.

మామయ్యకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. జరిగిందంతా చెప్పాను.

"అమ్మాయ్, ఏడవకు. చేతిలో బరువుగా అనిపించిందా?"

"లేదు మామయ్యా. తేలిగ్గానే ఉంది."

"అయితే పాదరసం రాయి కాదు. గ్లవుజులు వేసుకుని గోటితో గీకి చూడు."

డాక్టరమ్మ ఇచ్చిన గ్లవుజులు వేసుకుని గీకాను. గీత పడింది.

"పడిందా? సీసం రాయి అంత మెత్తగా ఉండదు. ఇప్పుడు దేనిమీదైనా రుద్ది చార ఏ రంగో చెప్పు. మెరుగు లేని పింగాణీ కావాలి."

ఆసుపత్రిలో అది ఎక్కడ దొరుకుతుంది? డాక్టరమ్మ తను తాగిన టీ కప్పుని బోర్లించి నా ముందుకి జరిపింది. అడుగున అంచు గరుగ్గా ఉంది. దానిమీద రాయిని రుద్దాను. నారింజరంగు చార పడింది.

చెప్పాను.

"మణిశిల" అన్నాడు మామయ్య. "పాషాణం ఉన్న రాయి. ఆర్సెనిక్ అని చెప్పు డాక్టరుగారికి."

మా ఆయన గోడకి చేరగిలబడిపోయాడు. నేను మంచం పట్టె పట్టుకున్నాను. ఆ రాయిని ఇంటికి తెచ్చిన చేతుల్ని నరికేసుకోవాలనిపించింది.

"ఆగు, ఆగు" అన్నాడు మామయ్య. "ఎర్రముక్క ఉమ్మిలో అంత సులువుగా కరగదు. ఒక్కసారి నాకితే పెద్దగా లోపలికి పోదు. ఆరుబయట పడున్నది కదా, దానిమీద పొడిలాంటిదేమైనా ఉందా?"

"ఉంది. తెల్లగా, పిండిలాగా."

"అదీ అసలు ప్రమాదం. అది కరుగుతుంది. పిల్ల నాకేటప్పుడు ఉందా అది?"

"లేదు. అప్పటికే ఎర్రగా మెరుస్తోంది."

"హమ్మయ్య! కడిగేశావన్నమాట. దేంతో కడిగావు?"

డాక్టరమ్మ తల ఎత్తి నన్ను చూసింది. మా ఆయన కూడా.

దేంతో కడుగుతాను? గుట్ట మీద, ఎండలో, సంచి దింపే ఓపిక లేక, నాలికతో అటూ ఇటూ తిప్పి శుభ్రంగా తుడిచాను. రంగు బయటపడగానే ఎగిరి గంతేశాను కూడా.

నా నోట్లో ఇనపరుచి ఇంకా అలాగే ఉంది.

ముందు నాకు కలిగింది సంతోషం. చెబితే ఎవరూ నమ్మరు. అదంతా నేనే తినేశాను, దానికేం మిగల్లేదు అని ప్రాణం లేచొచ్చింది. ఆ వెనకే భయం వచ్చింది. ఈసారి అది నా కోసం.

"మామయ్యా, నువ్వు నేర్పినట్టే కడిగాను" అన్నాను.

ఫోన్లో ఆయన ఏడుపు వినిపించింది.

"వాంతి వచ్చేట్టుందా?" అంది డాక్టరమ్మ. తల ఊపాను. ఆమె నర్సుని కేకేసి, పిల్లని కిందకి దింపి, "మీరు పడుకోండి" అంది.

పిడుగు కూర్చున్న చోటు ఇంకా వెచ్చగా ఉంది. అది స్టూలెక్కి, సూది గుచ్చబోతున్న నా చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"ఏం కాదులే అమ్మా, నేనున్నాగా" అంది.

దాని చేతులు వణుకుతున్నాయి. కారులో నా చేతులు కూడా ఇలాగే వణికి ఉంటాయి, దానికి అప్పుడే తెలిసిపోయి ఉంటుంది.