చెయ్యి వెనక్కి తీసినట్టు

మూడోసారి కూడా నూకగింజ అడ్డం తిరిగి, అరిగిపోయిన సబ్బుబిళ్ళ అవతలి వైపు నుంచి పొడుచుకొచ్చింది. అతను దాన్ని గోటితో పెకలించి వంటింటి బల్ల మీద పెట్టి, పంతం పట్టిన పిల్లాణ్ణి చూసినట్టు చూశాడు. బల్ల కింద ఎడమ మోకాలు ఊగుతూనే ఉంది. దాంతోపాటు గ్లాసులో కాఫీ కూడా ఊగుతోంది.

చేతిలో ఉన్నది ఖాళీ పెన్ను రీఫిల్లు, కొస ఏటవాలుగా కోసింది. అందులో నూకగింజ. వెనకనుంచి దాన్ని నెట్టడానికి అక్క కుట్టుపెట్టెలోంచి తీసిన బొంతసూది. యాభై ఆరేళ్ళ మనిషి ఆఫీసుకి వెళ్ళే వేళ చేసే పనేనా ఇది? కానీ పది రోజులుగా అతనికి తిండి సయించడం లేదు, కూర్చుంటే లేవాలనీ లేస్తే కూర్చోవాలనీ అనిపిస్తోంది.

ఆఫీసులో అతన్ని సందేహంగారంటారు. ఎదురుగా అనరు గానీ అతనికి తెలుసు. భోంచేశారా అని అడిగితే చేశాననే అనుకుంటున్నా అనే మనిషిని మరేమంటారు? పేటెంటు ఆఫీసులో పరీక్షకుడతను. ఎవరైనా కొత్త వస్తువు కనిపెట్టాం, దాని మీద హక్కు ఇవ్వండి అని దరఖాస్తు పెట్టుకుంటే, అది నిజంగా కొత్తదేనా, ఇదివరకే ఎవరైనా చేశారా అని పాత కాగితాలన్నీ తిరగేసి చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే కుర్చీ. కుర్చీకి గుడ్డ మూడుసార్లు మార్చారు, మనిషి మాత్రం మారలేదు.

ఇప్పటి దరఖాస్తు ఓ కంటి డాక్టరూ, పరికరాలు చేసే ఓ మిస్త్రీ కలిసి పెట్టుకున్నది. కంట్లో సన్నటి మందుకడ్డీ పెట్టే పెన్నులాంటి పరికరం. ఆ కడ్డీ లోపలే ఉండి నెలల తరబడి కరుగుతుంది, నెలనెలా కంట్లో సూది పొడిపించుకునే బాధ తప్పుతుంది. పదమూడేళ్ళ నాటి పాత పత్రంలో ఇలాంటిదే ఒకటి అతనికి దొరికింది. అందులో లోపలి పుల్ల ముందుకొచ్చి మందుకడ్డీని నెడుతుంది. ఇందులో పుల్ల కదలదు, పుల్ల చుట్టూ ఉన్న బోలు సూదే వెనక్కి జరుగుతుంది. ఏది కదిలితేనేం, కడ్డీ బయటపడటమే కదా అని, రెండూ ఒకటేనని రాసి, హక్కు ఇవ్వకూడదని తేల్చి పైకి పంపేశాడు. గడువుకి ఇవాళ ఆఖరి రోజు. సాయంత్రంలోగా పైఅధికారి మేడమ్ సంతకం పెడితే ఆ ఇద్దరి కష్టం కట్టగట్టి మూల పడేసినట్టే. తప్పు రాశాడేమోనని అతనికి తప్ప ఇంకెవరికీ అనుమానం రాదు. అదే అతన్ని కుదురుగా ఉండనివ్వనిది.

అక్క గోడ పట్టుకుంటూ వచ్చింది. ఆమెకి కుడికన్ను మసక. నెలకోసారి ఆ కంట్లోనే సూది వేయించుకుంటుంది, ఇవాళ అయిదింటికి ఆ సూదే. అతనికంటే పదకొండేళ్ళు పెద్దది. తల్లి మంచాన పడ్డనాటి నుంచి అతన్ని ఎత్తుకు తిరిగిన మనిషి. బావ పోయాక తమ్ముడికి పెళ్ళయ్యేదాకా ఉంటానని వచ్చింది. తమ్ముడు ఆలోచించి చెబుతానన్నాడు, ఇరవై ఆరేళ్ళయింది.

"ఏంట్రా, సబ్బుకి జ్వరమొచ్చిందా, సూదిమందు వేస్తున్నావు?"

"నెడితే గింజ పక్కకి పోతోందక్కా."

"నెడితే పోదూ మరి? ఇటు తే."

ఆమె కళ్ళతో కాదు, వేళ్ళతో చూసింది. రీఫిల్లు సబ్బులో దింపి, బొంతసూదిని గింజకి ఆనించి గట్టిగా పట్టుకుని, రీఫిల్లు మాత్రం మెల్లిగా వెనక్కి లాగింది. గింజ లోపల ఉండిపోయింది, ఎక్కడ పెట్టింది అక్కడే, నిటారుగా.

"నిన్ను నిద్రపుచ్చి పక్కమీద వేసేటప్పుడు నేనెప్పుడైనా నెట్టానా? నీ మెడ కింద నుంచి నా చెయ్యే తీసుకునేదాన్ని."

"ఏది కదిలినా ఒకటే కదే."

"తీసేవాళ్ళకి ఒకటేనేమో. పడుకున్నవాడికి కాదు."

అతని మోకాలు ఆగింది. అక్క సబ్బుని బల్ల మీద పెట్టి, తడి వేళ్ళు కొంగుకి తుడుచుకుంటూ, నువ్వు ఊఁ అంటే సాయంత్రం నా కంట్లో ఇదే పెడతారా అని అడిగింది. లేదక్కా, ఇంకా చాలా ఏళ్ళు పడుతుందన్నాడు.

"అయితే నీ పెళ్ళినాటికి వస్తుందిలే. నాలుగున్నరకల్లా రా. పోయినసారిలా గేటు దగ్గర నిలబెట్టావంటే ఊరుకోను."

ఆఫీసులో సంచి కూడా దింపకుండా మేడమ్ గదిలోకి వెళ్ళి, సంతకాల దొంతరలోంచి తన కాగితం తీసేసుకున్నాడు. ఆమె కళ్ళజోడు తీసి చూసింది.

"రెండూ ఒకటేనని రాసింది మీరే కదండీ?"

"నేనేనండి. తప్పు రాశాను."

అనుకుంటా అనలేదు. టీ గ్లాసులు తీస్తున్న అటెండరు ఓ క్షణం ఆగి మరీ చూశాడు. మేడమ్ డబ్బాలోని అరటిపండు అడిగి తీసుకుని, సంచిలో తెచ్చిన రీఫిల్లుతో నూకగింజని ఒకసారి నెట్టి చూపించాడు, గింజ తొక్క చీల్చుకుని బయటికొచ్చింది. రెండోసారి వెనక్కి తీసి చూపించాడు. దరఖాస్తు పద్దెనిమిదో పేజీలో ఆ డాక్టరు మొత్తుకున్నదీ ఇదే, నెడితే కడ్డీ కంటి వెనక పొరదాకా పోయి గుచ్చుకుంటోందని. ఆ పేజీ అతను చదివాడు గానీ, ఆ కడ్డీ కంట్లో దిగుతున్నట్టు ఊహించుకోలేదు. మూడింటికల్లా కొత్తగా రాసి తెస్తే చూస్తానంది మేడమ్, పండు మాత్రం తిరిగి తీసుకోలేదు.

భోజనం మాటే మరిచిపోయి రాశాడు. కొట్టేశాడు, మళ్ళీ రాశాడు, పది నిమిషాలకోసారి గడియారం చూశాడు. ఆరు పేజీలయింది. సంగతి తనకి ఎవరు చెప్పారో రాయాలని మనసు పీకింది, కానీ పాత పత్రాల నంబర్లకే తప్ప అక్కలకి అందులో గడి లేదు. దారిలో ఆటోలో చెబుదాంలే, ముసల్ది మురిసిపోతుంది అనుకున్నాడు. నాలుగు కావస్తుండగా సంతకం పడింది.

ఇంటికి చేరేసరికి నాలుగూ ఇరవై. బతుకులో మొదటిసారి పది నిమిషాలు ముందు. తలుపు దగ్గరగా వేసి ఉంది. అక్క అప్పటికే తయారై, చెప్పులు కూడా వేసుకుని, ఆసుపత్రి చీటీ ఒళ్ళో పెట్టుకుని వంటింటి కుర్చీలో కునుకు తీస్తోంది. లేపడమెందుకు, టైముందిగా అని ఎదురుగా కూర్చున్నాడు. పొద్దుట మాటే కాగితమెక్కిందని గొంతు తగ్గించి చెప్పాడు. మేడమ్ అరటిపండు సంగతీ చెప్పాడు, నవ్వుతుందని. మోకాలు ఊగుతోంది. అయిదుకి పావు తక్కువయింది. లేపుదామని బల్లమీదున్న ఆమె చెయ్యి కింద తన చెయ్యి పెట్టాడు.

చల్లగా ఉంది.

ఆమె వేళ్ళు ఏమాత్రం కదలకుండా, తన చెయ్యి మెల్లిగా, మెల్లిగా వెనక్కి తీసుకున్నాడు.

బల్ల మీద, సన్నగా అరిగిన సబ్బులో, బొటనవేలి గుర్తు పక్కనే, నూకగింజ పొద్దున పెట్టినచోటే నిటారుగా ఉంది.