తెర మీద అక్క నంబరు

పిడుగుకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ పేరు పెట్టింది అక్క, పెంచిందీ అక్కే. చదువుకుని పెద్ద పరిశోధకురాలైనా పేరు మారలేదు, కోపమూ మారలేదు.

ఆమె పని మొబైల్ ఫోన్ల గుట్టు కాపాడటం. జేబులో ఉన్న ఫోన్ ఊరికే ఉండదు, దగ్గర్లోని టవరును పలకరిస్తూ ఉంటుంది. ఆ పలకరింపులో అప్పుడప్పుడు సిమ్‌కార్డు అసలు నంబరును బాహాటంగా చెప్పేస్తుంది. అది దొరికితే చాలు, మనిషి ఎక్కడ తిరుగుతున్నదీ ఎవడైనా ఆరా తీయొచ్చు. ఫోన్ ప్రతిసారీ కొత్త ముసుగు వేసుకుని పలికే పద్ధతి కోసం పిడుగు తల బద్దలు కొట్టుకుంటోంది.

అలాంటి మనిషి ఫోన్‌ను అక్క ఒక ఆదివారం తెరిచి చూసింది. చెల్లెలు ఎందుకు కుమిలిపోతోందో చదివి తెలుసుకుని, ఏడిపించినవాడికి ఫోన్ చేసి దులిపేసింది. పిడుగు ఇంటి పైకప్పు ఎగిరిపోయేలా అరిచింది. “ఇంకెప్పుడూ నా జోలికి రాకు” అంది. అక్క చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

కొద్దిరోజులకు, ల్యాబ్‌లో యాంటెన్నా పట్టిన నంబర్లు తెర మీద వరసగా పడుతుంటే పిడుగు చెయ్యి ఆగిపోయింది. ఆ అంకెలు ఆమెకు కంఠతా వచ్చు. పరిశోధన మొదట్లో పరీక్షకు దొరికింది అక్క ఫోనే మరి. సిగ్నల్ బలాన్ని బట్టి చూస్తే ఆ ఫోన్ వీధికి అవతలి బస్‌స్టాప్‌లో ఉంది. అక్క ఇంటికి ఆ దారిలో బస్సే లేదు.

మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. గేటు దాటి రావడానికి అక్కకు మొహం చెల్లలేదు, వెళ్ళి పిలవడానికి పిడుగుకు అహం అడ్డొచ్చింది. తెలిసినవాళ్ళ నంబరు కనపడితే వెంటనే చెరిపేయాలన్నది ల్యాబ్ నియమం. రాసింది పిడుగే. చెరపలేదు సరికదా, సాయంత్రమయ్యేసరికి ఆ అంకెల కోసం ఎదురుచూసేది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడటమంటే ఇదే. అవి కనపడగానే ప్రాణం కుదుటపడేది. తరవాత వెనక గేటు నుంచి ఇంటికి పోయేది.

చివరికి పద్ధతి కుదిరింది. నెట్‌వర్క్ కంపెనీ ల్యాబ్ ఉన్న పేటలో ప్రయోగానికి ఒప్పుకుంది, అక్కడి టవర్లను పలకరించే ఫోన్లన్నిటికీ ఆ మార్పు పంపింది. ఆ సాయంత్రం తెర మీద అసలు నంబరు ఒక్కటీ లేదు, అన్నీ ముసుగులే. ల్యాబంతా చప్పట్లు కొట్టింది. పిడుగు మాత్రం తెరను పైకీ కిందికీ జరుపుతూ వెతికింది. అక్క వచ్చిందో లేదో తెలియదు. ఒంట్లో బాగాలేదేమో, విసిగి మానేసిందేమో. ఇక తెలుసుకోవాలంటే లేచి వెళ్ళి చూడాల్సిందే.

పరుగున వెళ్ళింది.

అక్క ఉంది. బెంచీ చివర, సంచి పక్కన పెట్టుకుని. చెల్లెల్ని చూసి తడబడింది.

“బస్సు కోసం కూర్చున్నా.”

“ఇటు మీ ఇంటికి బస్సు లేదుగా అక్కా.”

అక్క తల దించుకుంది. “నీ ఫోన్ చూడటం నాదే తప్పు. తిట్టాలనుంటే తిట్టు.”

“నేనూ అదే పని చేశాను. నువ్వు రోజూ రావడం నీ ఫోన్ నంబరును బట్టి లోపల కూర్చుని చూస్తూనే ఉన్నా.”

ఆరా తీసినందుకు అక్కకు కోపం రాలేదు. ఆమె మనసు నొచ్చుకుంది వేరే దానికి.

“తెలిసి కూడా రాలేదా?” అంది.

పిడుగుకు ఏడుపొచ్చింది, ఏడ్చేసింది. “ఇవాళ నువ్వు కనపడలేదు. భయమేసింది” అంది.

అక్క పక్కనున్న సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. “కూర్చో. ఇంతకీ ఆ వెధవ మళ్ళీ ఫోన్ చేశాడా?”

పిడుగు కూర్చుని, తన ఫోన్ తీసి అక్క చేతిలో పెట్టింది.