లోపలి గడియ

నిద్రపోతోందేమో, అంతే అయ్యుంటుంది, పడుకుంటే చెవి పక్కన డప్పు కొట్టినా లేవదు కదా అనుకున్నాడు నానాజీ. కానీ బారెడు పొద్దెక్కింది. పాల పేకెట్టు గడప పక్కనే పడి ఉంది. లోపల ఫోను మోగి మోగి ఆగిపోతోంది. తలుపు తోస్తే గడియ దగ్గర బిగుసుకుంటోంది.

తలుపు అవతల ఉన్నది అతని తల్లి మరిడమ్మ. ఒంటరి ఆడవాళ్లకి గవర్నమెంటు ఫ్లాటు ముందు వస్తుందని ఎవరో అంటే, సర్వేకి వచ్చినవాళ్లతో "నాకెవరూ లేరు బాబూ" అనమన్నది నానాజీయే. సొంతూరు మునగపాకలో ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, బడిపిల్లకి ఎక్కం నేర్పినట్టు నేర్పాడు. "కొడుకుండగా ఆ మాట నోటికెలా వత్తాదిరా" అని మొదట ఏడ్చింది. తర్వాత బాగానే వచ్చింది. ఫ్లాటు వచ్చాక కూడా తనిఖీల భయంతో పక్కవాళ్లకీ అదే చెప్పేది. అతను కూరలు తెచ్చి, గుమ్మంలోనే ఇచ్చి, పరాయివాడిలా దిగి వెళ్లిపోయేవాడు. చెప్పగా చెప్పగా ఆ మాట ఆవిడకే నిజమైపోయిందేమో.

"తలుపు పగలగొట్టాలండి. గునపం ఉంటే ఇయ్యండి" అన్నాడు ఎదురింటి బిందుమాధవితో.

"నువ్వు కూరలట్టుకొచ్చే అబ్బాయివి కదేటి? రేపు మామ్మ మెళ్లో గొలుసు పోయిందంటే మా పీకకి సుట్టుకుంటాది. వార్డు సచివాలయానికి ఫోన్ సేసేం. పోలీసుల్ని తీసుకొత్తారంట."

"ఎప్పుడొస్తారు?"

"గవర్నమెంటోళ్లు. పరిగెత్తుకొత్తారేటి?"

ఆవిడ మొగుడు సురేష్‌బాబు గునపం పట్టుకునే వచ్చాడు గానీ ఇవ్వలేదు. "మామ్మకి ఎవరూ లేరు బావా. మేవే సూసుకుంటన్నాం. నువ్వు ఆవిడకి ఏ వరసో సెప్పు, ఇప్పుడే ఇత్తాను."

మేనల్లుణ్ణనొచ్చు. దూరపు చుట్టమనొచ్చు. పోలీసులు వస్తే అది నిలుస్తుందా? నిజం చెబితే సాయంత్రానికి బ్లాకంతా తెలుస్తుంది, ఎవరో ఒకరు పై ఆఫీసుకి అందిస్తారు, ఫ్లాటు పోతుంది, మళ్లీ ఆవిణ్ణి ఎక్కడ ఉంచాలి, ఇంట్లో ఏమంటారు... తల్లి లోపల ఏ స్థితిలో ఉందో తెలియదు, బుర్ర మాత్రం ఇంకా ఫ్లాటు చుట్టూనే తిరుగుతోంది. తన బుర్రని తనే దూరం నుంచి చూస్తున్నట్టుంది నానాజీకి. అది ఆగడం లేదు.

లోపల నేల మీద గిన్నె దొర్లింది. తర్వాత ఏదో ఈడ్చినట్టు. మూలుగు.

"బతికే ఉంది" అంది బిందుమాధవి, మొగుడి చెయ్యి పట్టుకుని.

సురేష్‌బాబు మెట్ల వైపు చూశాడు. ఎవరూ రావడం లేదు. "సెప్పవేటి బావా. ఏటవుతావు?"

"కొడుకుని" అని నానాజీ గునపం కోసం చెయ్యి చాచాడు.